ఫార్మాట్ కొట్టేముందు రికవరీ ఎందుకు లేవలేదో చూడండి

సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. పాత ల్యాప్‌టాప్‌కు కొత్త ఎస్సెస్‌డీ వేయించి విండోస్ 11కు మారేవాళ్లకు, ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు ‘రీసెట్ దిస్ పీసీ’ (విండోస్‌ను మళ్లీ కొత్తగా వేసే ఆప్షన్) నొక్కితే, రికవరీ ఎన్విరాన్‌మెంట్ దొరకలేదన్న సందేశం ఎదురుకావచ్చు. షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల ఒకటే మందు: ఫార్మాట్. నిజానికి విండోస్ తెరుచుకుంటున్న మెషీన్లో ఇది తరచుగా అరగంట పని. ఒక్క ఫైలు కూడా పోనక్కర్లేదు.

రికవరీ అంటే విండోస్ పక్కనే ఉండే మరో చిన్న విండోస్. విన్‌ఆర్‌ఈ.విమ్ అనే ఒకే ఫైల్లో అది ఉంటుంది, సైజు అర జీబీకి కాస్త అటూ ఇటూ. సాధారణంగా డిస్కులో కనబడకుండా ఉండే రికవరీ పార్టిషన్ (డిస్కులో విడిగా కేటాయించిన భాగం) దాని ఇల్లు. ఆ ఫైలు ఎక్కడుందో రీఏజెంట్.ఎక్స్‌ఎంఎల్ అనే చీటీలో రాసి ఉంటుంది. ఫైలు పోయినా, ఇల్లు పోయినా, చీటీలో అడ్రసు తప్పినా వచ్చే సందేశం మాత్రం దాదాపు ఒకటే. చూసేవాళ్లకు తికమక అక్కడే.

అసలు సంగతి తేల్చే కమాండ్ ఒకటుంది. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరవాలి. కెమిస్ట్రీలో వచ్చే రీఏజెంట్ అన్న మాట ఇంగ్లిషు స్పెల్లింగుకు చివర ఖాళీ లేకుండా సి తగిలించి (ఇదే రీఏజెంట్‌సీ), ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్, ఇన్ఫో అని కొట్టి ఎంటర్ నొక్కాలి. స్టేటస్ ఎదురుగా ‘ఎనేబుల్డ్’ అని, దాని కింద లొకేషన్‌లో హార్డ్‌డిస్క్ నంబరు, పార్టిషన్ నంబరు కనబడితే ఇల్లూ చీటీ కలిసి ఉన్నట్టే. ‘డిజేబుల్డ్’ అని, లొకేషన్ ఖాళీగా ఉంటే ముందు ఇన్ఫో స్థానంలో ఎనేబుల్ అని కొట్టి చూడాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఆగిపోయిన మెషీన్లు కొన్ని దీంతోనే దారికొస్తాయి. రాకపోతే సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డర్లోకి వెళ్లి రీఏజెంట్.ఎక్స్‌ఎంఎల్ పేరు మార్చి, మళ్లీ ఎనేబుల్ కొట్టాలి. విండోస్ కొత్త చీటీ రాసుకుంటుంది. పాతదాన్ని డిలీట్ చేయకండి, పేరు మారిస్తే చాలు.

అప్పటికీ విన్‌ఆర్‌ఈ ఇమేజ్ దొరకలేదంటే ఫైలే లేదన్నమాట. ఎక్కువసార్లు దాన్ని తీసేసింది వైరస్ కాదు, మనుషులే. 256 జీబీ డిస్కును 512 జీబీకి క్లోన్ చేస్తే (ఉన్నదున్నట్టు కాపీ కొడితే) సీ డ్రైవ్ పక్కన రికవరీ పార్టిషన్, దాని అవతల ఖాళీ స్థలం వస్తాయి. మధ్యలో గోడ ఉండబట్టి డిస్క్ మేనేజ్‌మెంట్లో ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ మసకబారి ఉంటుంది. అప్పుడు చాలామంది డిస్క్‌పార్ట్ (పార్టిషన్లు మార్చే కమాండ్) తెరిచి, డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్ కొట్టి గోడ కూల్చేస్తారు. సీ డ్రైవ్ పెరుగుతుంది, కస్టమరు సంతోషిస్తాడు, రికవరీ పోయిన సంగతి ఏడాది తర్వాత బయటపడుతుంది. కంపెనీ ఇచ్చిన ఎఫ్11, ఆల్ట్ ఎఫ్10 లాంటి మీటలు పలక్కపోవడానికీ చాలాసార్లు కారణమిదే. అవి వెతికేది డిస్కులో కంపెనీ పెట్టిన పార్టిషన్నే. కొత్త డిస్కులోకి దాన్ని తేకపోతే మీట ఎన్నిసార్లు నొక్కినా ఫలితముండదు. గోడను కూల్చనక్కర్లేదు, డిస్కు చివరికి జరిపే ఉచిత పార్టిషన్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

పోయిన ఫైలును తిరిగి తెచ్చుకోవచ్చు. మెషీన్లో ఉన్న వెర్షన్‌దే విండోస్ ఐఎస్‌వోను (ఇన్‌స్టాలేషన్ మొత్తం ఉండే ఒకే ఫైలు) మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించుకోండి. 24హెచ్2 ఉంటే 24హెచ్2దే కావాలి, పాతది పెట్టి ఎనేబుల్ అయిందని సంబరపడితే రీసెట్ దగ్గర మొరాయించొచ్చు. ఐఎస్‌వో లోపలి సోర్సెస్ ఫోల్డర్లో ఇన్‌స్టాల్.విమ్ గానీ ఇన్‌స్టాల్.ఈఎస్‌డీ గానీ ఉంటుంది. దాన్ని 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిచి, విండోస్, సిస్టమ్32, రికవరీ దారిలో వెళ్తే విన్‌ఆర్‌ఈ.విమ్ కనబడుతుంది. దాన్ని మన సీ డ్రైవ్‌లోని అదే ఫోల్డర్లో పెట్టి ఎనేబుల్ కొట్టాలి. అసలు రికవరీ పార్టిషనే లేకపోతే సీ డ్రైవ్ నుంచే నడుస్తుంది, కానీ సీ డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే ఒప్పుకోదు. అప్పుడు వేరే పార్టిషన్ చేయాల్సిందే.

ఇక్కడ షాపువాళ్లూ పొరబడే చోటు ఒకటుంది. ఐఎస్‌వోలోని ఫైలు అన్ని కంపెనీలకూ కలిపి చేసిన సాదా సరుకు. ఇంటెల్ వీఎండీ (డిస్కును నడిపే ఇంటెల్ పద్ధతి) ఆన్‌లో ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానితో రికవరీ తెరుచుకుంటుంది గానీ డిస్కు కనబడదు. కంపెనీ ఇచ్చిన ఇమేజ్‌లో ఆ డ్రైవర్ ముందే ఉండేది. డిస్కు చచ్చిపోయిందనుకోకండి. ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి ఐఆర్‌ఎస్‌టీ అనే ఆ ఇంటెల్ డ్రైవర్ తెచ్చి, విన్‌ఆర్‌ఈ.విమ్‌ను విండోస్‌లోనే ఉండే డిజమ్ కమాండ్‌తో మౌంట్ చేసి (ఫోల్డర్‌లా తెరిచి) యాడ్ డ్రైవర్‌తో ఎక్కిస్తే డిస్కు కనబడుతుంది.

ఇల్లు ఉండి ఇరుకైన కేసు వేరు. 2024 జనవరి 9న విండోస్ 10కు వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ ఎన్నో మెషీన్లలో 0ఎక్స్80070643 ఎర్రర్‌తో ఆగింది. బిట్‌లాకర్‌ను దాటేసే లోపాన్ని రికవరీ లోపల మూసే అప్‌డేట్ అది. దానికి రికవరీ పార్టిషన్లో 250 ఎంబీ ఖాళీ కావాలి, 500 ఎంబీ పాత పార్టిషన్లలో అంత ఎక్కడిది? పెంచే పద్ధతి ఇది. ముందు బిట్‌లాకర్ ఉంటే సస్పెండ్ చేయాలి. రీఏజెంట్‌సీకి డిజేబుల్ ఇస్తే ఫైలు సీ డ్రైవ్‌లోని రికవరీ ఫోల్డర్లోకి వస్తుంది. నిజంగా వచ్చిందో లేదో ఆ ఫోల్డర్లో డీఐఆర్ స్లాష్ ఏ కొట్టి కళ్లారా చూడాలి, దాగి ఉన్న ఫైలు కాబట్టి మామూలు డీఐఆర్‌కు కనబడదు. ఇది చూడకుండా తర్వాతి మెట్టు ఎక్కితే ఉన్నదీ పోతుంది. ఆపైన డిస్క్‌పార్ట్‌లో సీ పార్టిషన్‌ను సెలెక్ట్ చేసి ష్రింక్ ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ 250 ఎంబీ అంటుంది, డిస్కులో చోటుంటే 500 తీసుకోమంటాం, మళ్లీ మళ్లీ ఈ పని పడదు. తర్వాత పాత రికవరీ పార్టిషన్ తీసేసి, ఆ స్థలంలో కొత్తది చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ కొట్టాలి. కొత్త పద్ధతిలో విభజించిన జీపీటీ డిస్కయితే పార్టిషన్‌కు 32 అక్షరాంకెల ఐడీ ఇవ్వాలి. అది చేత్తో కొట్టకుండా మైక్రోసాఫ్ట్ పేజీ నుంచి కాపీ చేసుకోండి. పాత ఎంబీఆర్ డిస్కయితే ఐడీ 27, అంతే. చివరికి ఎనేబుల్, మళ్లీ ఇన్ఫో.

తప్పు మనది కాని సందర్భాలూ ఉన్నాయి. 2025 ఆగస్టు 12 అప్‌డేట్ తర్వాత విండోస్ 10లోనూ, విండోస్ 11 పాత వెర్షన్లలోనూ రీసెట్ విఫలమైతే వారానికి మైక్రోసాఫ్టే ప్రత్యేక అప్‌డేట్ ఇచ్చింది. అక్టోబరు 14న వచ్చిన కేబీ5066835తో మరీ వింత: రికవరీ తెర వస్తుంది, యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయవు. గుండ్రటి పిన్ను పాత పీఎస్2 కీబోర్డు అటక మీంచి దించినవాళ్లు బతికిపోయారు. అక్టోబరు 20న కేబీ5070773 దాన్ని సరిచేసింది. అందుకే రికవరీ నిన్నటిదాకా ఆడి నేడు ఆగితే, డిస్కు జోలికి పోకముందు అప్‌డేట్ హిస్టరీ చూడాలి.

విండోస్ సెట్టింగులను పాత తేదీకి వెనక్కి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్ దీనికి చుట్టమే గానీ వేరే సరుకు. రీస్టోర్ పాయింట్లు లేవంటే సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉందేమో చూడండి, అలాగైతే వెనక్కి వెళ్లడానికి ఏమీ లేదు. పాయింట్లుండీ మధ్యలో ఆగిపోతుంటే యాంటీవైరస్ అడ్డుపడుతుండొచ్చు. సేఫ్ మోడ్‌లో గానీ రికవరీ తెర నుంచి గానీ నడపాలి. స్పీడు పెంచుతామనే టూల్స్ కొన్ని, రీస్టోర్ పాయింట్లకు కావాల్సిన వాల్యూమ్ షాడో కాపీ సర్వీసును డిజేబుల్ చేసిపెడతాయి. సర్వీసెస్‌లో దాన్ని ‘మాన్యువల్’కు మార్చాలి.

డిస్కే పాడవుతుంటే పైవేవీ చేయకండి. రికవరీ గంటల తరబడి ఒకే శాతం దగ్గర నిలిచి, సాటా హార్డ్‌డిస్కు టక్ టక్‌మంటుంటే ఆపేసి, దాన్ని ఊడదీసి మరో కంప్యూటరుకు తగిలించి ముందు డేటా తీసుకోవాలి.

వీటన్నిటికీ తాళం ఒకటుంది, బిట్‌లాకర్ రికవరీ కీ, 48 అంకెలు. 24హెచ్2 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. ఆ అకౌంటు షాపు కుర్రాడి మెయిల్‌తో తెరిచి ఉంటే కీ అతని దగ్గరే ఉంటుంది. ల్యాప్‌టాప్ డెలివరీ తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే మన అకౌంటులో 48 అంకెలూ కనబడుతున్నాయో లేదో చూసుకుని కాగితం మీద రాసుకోండి. రీఏజెంట్‌సీ ఇన్ఫో కూడా అక్కడే కొట్టించి, ఎనేబుల్డ్ అని చూశాకే డబ్బులివ్వండి.

– హార్డ్‌వేర్ టెక్నీషియన్లు, విజయవాడ