సిల్వర్ ఓక్ చుట్టం

సిడ్నీ, మార్చి

నాన్నకి నమస్కారాలు.

వీడియో కాల్లో మీరు అడిగిన ఎర్రపూల పొద పేరు గ్రెవిల్లియా. సిగ్నల్ సరిగ్గా లేక సగం మాటలు వినపడలేదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది మనకి మరీ పరాయిదేం కాదు. అరకులో మన కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ కూడా గ్రెవిల్లియానే! మనం మిరియాల తీగ పాకించే ఆ చెట్టు సొంతూరు ఇక్కడి తూర్పు తీరమే.

నా పెరట్లోది 'రాబిన్ గార్డన్' రకం. ఇక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గ్లెన్‌మోర్గన్ అనే ఊరి దగ్గర డేవిడ్ గార్డన్ అనే ఆయన తోటలో పుట్టింది. తూర్పు తీరపు జాతికీ, పడమటి తీరపు జాతికీ సంకరం. చిన్న వయసులోనే పోయిన కూతురి పేరు పెట్టుకున్నాడాయన. ఛాతీ ఎత్తు దాటి పెద్దగా పెరగదు, ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తూనే ఉంటుంది. తేనె కోసం రంగు రంగుల చిలకలు వచ్చి చేసే గోల మాత్రం భరించలేం.

గింజ వేస్తే తల్లి లక్షణాలు రావు కాబట్టి కొమ్మ నాటాల్సిందే. ఇక్కడ ఎండాకాలం అయిపోతోంది, దానికి ఇదే అదను. మరీ లేతదీ మరీ ముదురుదీ కాని కొస, జానెడు కంటే తక్కువ తీసుకుంటాను. కింది ఆకులు గిల్లేసి, పై ఆకులు సగానికి కత్తిరించి, వేరు హార్మోన్ పొడి అద్ది, ముతక ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపిన కుండీలో గుచ్చి, పైన ప్లాస్టిక్ సీసా బోర్లిస్తాను. వేర్లకి రెండు మూడు నెలలు పట్టొచ్చు, మధ్యలో పీకి చూడకూడదు. చేతులకి గ్లౌజులు ఉండాలి, ఈ ఆకు తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి.

ఎరువు సంగతి మీరు నమ్మరు. భాస్వరం ఎక్కువైతే ఇది చస్తుంది. ఇక్కడి పాత నేలల్లో భాస్వరం బాగా తక్కువ, ఉన్న కాస్తనీ లాక్కోవడానికి ఈ కుటుంబం మొక్కలకి గుత్తులు గుత్తులుగా సన్న వేర్లుంటాయి. మీ లెక్కన భాస్వరం దండిగా ఉండే డీఏపీ గుప్పెడు వేస్తే ఇక అంతే.

అసలు మీకు నచ్చే విషయం ఇంకోటి. పడమటి వైపు ఇసుక నేలల జాతులు మా సిడ్నీ బంకమట్టిలో, ఉక్కపోతలో వేరు కుళ్ళి పోతాయి. వాటిని నర్సరీల వాళ్ళు సిల్వర్ ఓక్ నారు మీద అంటు కడతారు. నారు కాండాన్ని చీల్చి, కొమ్మ మొదలుని ఉలి మొనలా చెక్కి అందులో దింపి, టేపు చుట్టడమే. మామిడికి మీరు చేసే పనే.

కొమ్మ పంపమన్నారు గానీ, పర్మిట్టూ, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్టూ లేకుండా పోస్టులో పంపడానికి లేదు. ముందు మన దగ్గరి నర్సరీల్లో అడిగి చూడండి. దొరికితే తోటలో మొలిచిన సిల్వర్ ఓక్ నారు మీదే కట్టి చూడొచ్చు.

కాఫీ పూతకి వాన పడిందా? అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయండి.

మీ
చిన్నోడు