చిలకకు తగలని కారం

సంపాదకులకు,

గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగే రోజుల్లో దారినపోయేవారికీ కళ్లు మండుతాయి. చిలక మాత్రం పండుమిరపను హాయిగా కొరుక్కు తింటుంది. అసలు కారం రుచి కాదు, నొప్పి. మన నరాల్లో 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకానికే మిరపలోని ఘాటు పదార్థం క్యాప్సైసిన్ అతుక్కుంటుంది, అందుకే మంట. పక్షుల్లోనూ ఆ గ్రాహకం ఉంది, కానీ క్యాప్సైసిన్‌కు స్పందించదు. ఘాటు గింజల్లో ఉంటుందనేది అపోహ. వాటిని పట్టి ఉంచే తెల్లటి ఈనెలోనే ఎక్కువ.

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. తొడిమలు తీసి చేతులు మండితే ముందు వంటనూనె రుద్ది, ఆపై సబ్బుతో కడగాలి. కంట్లో పడితే నూనె వద్దు, నలపొద్దు. మంచినీళ్లతో పావుగంట కడగాలి. తొడిమలు తీసే ఆడకూలీలకు పని ఇచ్చేవారు చేతితొడుగులైనా ఇవ్వాలి.

– జీవశాస్త్ర అధ్యాపకులు, గుంటూరు