తాతగారి బైబిలు ఎక్కడ పెట్టావు?

తెనాలి,
నవంబరు 12.

చిరంజీవి చిన్నబాబుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. అక్కడ నీవు, అమ్మాయి, బుజ్జి క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నీ దగ్గరనుంచి ఫోను వచ్చి ఇరవై మూడు రోజులైంది కనుక తలచడం తప్ప తెలుసుకునే దారి నాకు లేదు. వేమూరు పిన్ని వాళ్ళబ్బాయి చేత పంపిన సున్నుండలు అందాయో లేదో కూడా చెప్పలేదు. డల్లాసులో చలి మొదలై ఉంటుంది. చెవులకు గుడ్డ కట్టుకోకుండా తెల్లవారుజామున బయటికి వెళ్ళవద్దు.

మన సంఘంలో క్రిస్మసు పనులు మొదలయ్యాయి. ఈసారి యెషయా గ్రంథం 7వ అధ్యాయం చదివే వంతు నాకు వచ్చింది. అందులో పద్నాలుగవ వచనం దగ్గరకు వచ్చినప్పుడు నీవే గుర్తుకు వచ్చావు. మన తెలుగు బైబిలులో అక్కడ 'కన్యక' అని ఉంది. 1952లో అమెరికాలో వెలువడిన ఒక ఇంగ్లీషు అనువాదంలో దానిని 'యువతి' అని మార్చినందుకు నార్త్ కరోలినాలో ఒక సంఘ కాపరి ఆ పుటను జనం ముందు తగలబెట్టాడు. మూలమైన హెబ్రీ భాషలో ఆ మాటకు యౌవనంలో ఉన్న స్త్రీ అనే అర్థం ఉందని పండితులు చెప్పారు. అదే అనువాదం మత్తయి సువార్తలో 'కన్యక' అన్న మాటను అలాగే ఉంచింది. ఆ సంగతి చూడడానికి ఒక్క నిమిషం ఆగి ఉంటే ఆ కాపరి అగ్గిపెట్టె తీసేవాడు కాడేమో.

సరే, చుట్టూ తిప్పి వ్రాయడం దేనికి? నీవు అక్కడి తెలుగు క్రైస్తవుల సహవాసానికి వెళ్ళడం మానేశావనీ, 1611 నాటి ఇంగ్లీషు అనువాదమైన కింగ్ జేమ్స్ బైబిలు తప్ప మిగిలినవి దేవుని వాక్యం కావని అక్కడి పెద్దలతో వాదించావనీ, బుజ్జి చేత తెలుగు కంఠత వాక్యాలు చెప్పించడం ఆపేశావనీ, తాతగారి బైబిలును అట్టపెట్టెలో వేసి గ్యారేజీలో పెట్టావనీ చిన్నక్కకు ఎవరో చెప్పారట. మొదటి మూడూ నీవు ఆలోచించి చేసినవే అయి ఉంటాయి, వాటి మీద మాట్లాడుకోవచ్చు. నాలుగోది నిజం కాదని నీ నోటితో వినాలని ఉంది. గ్యారేజీలో తేమ ఉంటుంది. ఆ కాగితం తేమకు తట్టుకోదు. పుటల మధ్య ఎండు వేపాకు పెట్టాలని నీవు బయలుదేరిన రోజున రెండుసార్లు చెప్పాను.

మొదటి యోహాను పత్రిక 5వ అధ్యాయం 7వ వచనంలో పరలోకమందు సాక్ష్యమిచ్చే తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అన్న మాటలు మన తెలుగులో లేవనీ, వాటిని ఎవరో తీసేశారనీ నీవు అన్నావట. లేవన్న మాట నిజమే, నేనూ తీసి చూశాను. అయితే ఎవరూ తీసేయలేదు నాయనా. ప్రాచీన గ్రీకు వ్రాతప్రతులలోనే అవి లేవు. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనలో గానీ, 1519 ముద్రణలో గానీ లేవు. 1522 ముద్రణలో చేర్చాడు. కింగ్ జేమ్స్ వారికి అవి ఆ దారిలోనే వచ్చాయి. మూడు ఒకటై ఉన్న దేవుని మీద మనకున్న విశ్వాసం ఆ ఒక్క వచనం మీద నిలబడలేదు. మీ తాతగారు ఆ మాటలు లేని బైబిలునే చదివి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున నీకు బాప్తిస్మం ఇప్పించారు.

నేను ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పినదాన్ని. మాటలకు వయసు వస్తుందని నాకు తెలుసు. కింగ్ జేమ్స్ బైబిలులో మొదటి థెస్సలొనీకయుల పత్రిక 4వ అధ్యాయంలో 'ప్రివెంట్' అనే మాట ఉంది. ఆనాడు దానికి 'ముందుగా వెళ్ళడం' అని అర్థం. బుజ్జి బడిలో దానికి 'అడ్డుకోవడం' అనే అర్థం నేర్చుకుంటుంది. అదే చోట మన తెలుగులో 'నిద్రించినవారికంటె ముందుగా' అని సూటిగా ఉంది. ఆ ఇంగ్లీషు బైబిలును నేను తక్కువ చేయడం లేదు, అది గంభీరమైనది, చదువుకో. కాని దానిని అనువదించినవారే తమ పీఠికలో, ఎంత సామాన్యమైన అనువాదమైనా అది దేవుని వాక్యమేనని వ్రాశారు. వారు ఒప్పుకున్నదానిని వారి పేరు చెప్పుకొనే మనం కాదనడం ఏమి న్యాయం?

ఇది పాఠంలా అవుతోందని తెలుసు, అయినా ఒకటి చెప్పాలి. నీకు ఎనిమిదేళ్ళప్పుడు పెదనాన్నగారి వసారాలో ప్రార్థన కూటం జరిగింది. నాన్నగారు యోనా గ్రంథం 4వ అధ్యాయం మీద మాట్లాడుతూ, యోనాకు నీడనిచ్చిన చెట్టు మన బైబిలులో సొరచెట్టు అని ఉన్నది నిజానికి ఆముదపు చెట్టు కావచ్చునని, హెబ్రీలో ఆ మాట 'కీకాయోన్' అని, ఏదో వ్యాఖ్యానంలో చదివినది చెప్పారు. పెదనాన్నగారు లేచి నిలబడ్డారు. "మా నాయన చదివిన పుస్తకంలో సొర అని ఉంది. ఈరోజు సొరను మార్చినవాడివి రేపు సిలువను మారుస్తావు" అన్నారు. నాన్నగారు కూడా ఊరుకోలేదు. చదువుకోని భక్తి అంటూ ఒక మాట తూలారు. అందరి ముందూ అన్నారు. ఆ రాత్రి నుంచి పదకొండు నెలలు అన్నదమ్ములిద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ మాట్లాడుకోలేదు. ఆ ఏడు క్రిస్మసుకు ఆ ఇంటి నుంచి మనకు అరిసెలు రాలేదు, మన ఇంటి నుంచి కేకు వెళ్ళలేదు. మధ్యలో ఒకరోజు పెద్దమ్మ తన పందిరి మీద కాసిన సొరకాయ కోసి నీ చేతికిచ్చి పంపింది. దానిని రెండు చేతులా గుండెకు హత్తుకొని వచ్చావు. లేత కాయ నూగు నీ చొక్కాకు అంటుకుంది, చెయ్యి దురద పెడుతోందని గోల చేశావు. పాలు పోసి కూర వండాను. నాన్నగారు మాట్లాడకుండా తిని, రెండోసారి వడ్డించమన్నారు. గోడ దాటి మాత్రం వెళ్ళలేదు.

పెదనాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాకే వెళ్ళారు. మంచం పక్కన కూర్చుంటే, "యోనా తీసి చదువు" అని ఆయనే అడిగారట. నాన్నగారు 'సొరచెట్టు' అని ఉన్నది ఉన్నట్టే చదివారు. తరువాత పెదనాన్నగారు నాలుగు నెలలే బ్రతికారు. ఆ పదకొండు నెలలు కూడా కలిసి ఉంటే ఎంత బాగుండేదో అని నాన్నగారు చివరివరకూ అంటూనే ఉన్నారు.

ఇదే తగాదా పూర్వం కూడా వచ్చిందని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఇప్పటి లిబియాలోని ట్రిపోలీకి అప్పట్లో ఓయియా అని పేరు. అక్కడ ఒక బిషపు, జెరోము అనే పండితుడు చేసిన కొత్త లాటిను అనువాదం చదవగా, తరతరాలుగా విన్న సొరకు బదులు వేరే తీగ పేరు వినపడేసరికి సంఘంలో గొడవ లేచింది. జనం తనను విడిచిపోతారని భయపడి ఆయన ఆ మాటను దిద్దుకోవలసి వచ్చిందని 403లో అగస్టీను అనే మరో బిషపు జెరోముకు ఉత్తరం వ్రాశాడు. ఆ అధ్యాయం చివర దేవుడు అడిగినది చెట్టు పేరు కాదు బాబూ, నీనెవె పట్టణంలోని లక్ష ఇరవై వేల మంది మనుషుల సంగతి.

మన తెలుగు బైబిలు ఒక్కరి చేతి మీదుగా రాలేదు. షుల్జ్ అనే జర్మను మిషనరీ మద్రాసులో తెలుగులోకి తెచ్చిన ప్రతులు అచ్చుకే నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజి అనే మిషనరీ దొరలు ఆనందరాయరు అనే ఆయన తోడుగా పని మొదలుపెట్టి, ఒకరు 1809లో, మరొకరు 1810లో కన్నుమూశారు. వారి మూడు సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యేసరికి చూసుకోవడానికి ఇద్దరూ లేరు. ఆ తరువాత ఎందరో దిద్దారు. తప్పులుంటే ఉండవచ్చు, ఇంకా దిద్దవచ్చు. ప్రాణాలు పెట్టి చేసిన ఆ పనిని మాత్రం దేవునిది కాదని అనవద్దు.

నీవు ఏ సంఘానికి వెళ్ళాలో నేను చెప్పను, పెద్దవాడివి. కాని బుజ్జి 23వ కీర్తన తెలుగులో నాకు సగమే ఒప్పజెప్పింది. 'శాంతికరమైన జలముల' దగ్గర ఆగిపోయింది. మిగతాది నేర్పించు. ఇంగ్లీషులోనూ నేర్పించు, రెండూ నేర్చుకోగల తెలివి ఆ పిల్లకు ఉంది. సహవాసం పెద్దలతో గట్టిగా మాట్లాడి ఉంటే ఒకసారి వెళ్ళి పలకరించి రా, చేతిలో ఏదైనా పట్టుకొని వెళ్ళు.

తాతగారి బైబిలును గ్యారేజీలోనుంచి తీసి, ఎండ నేరుగా తగలని చోట ఒక పూట ఆరబెట్టు. వీపున కుట్టు ఊడి ఉంటే జిగురు పెట్టవద్దు, వచ్చినప్పుడు తీసుకొని రా, ఇక్కడ కుట్టిస్తాను. వేపాకు ఎండబెట్టి ఈ కవరులోనే పెట్టాను. గోంగూర మరీ ఎక్కువ తినకు, నీకు పడదు. ఆదివారం ఫోను చెయ్యి. మన వేళకు రాత్రి తొమ్మిదిలోపు చెయ్యి, బీపీ మాత్ర వేసుకున్నాక నాకు నిద్ర ఆగదు.

ప్రభువు మిమ్మల్ని కాపాడును గాక.

అమ్మ