పెర్సియస్ గారి ఇష్యూ రిజిస్టరు

బుజ్జితల్లికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో 'క్లాష్ ఆఫ్ ద టైటన్స్' చూశానని, అందులో హీరో పెర్సియస్ దేవుడైన తండ్రి ఇచ్చిన కత్తిని కూడా ముట్టుకోలేదని, ఆత్మాభిమానమంటే అలా ఉండాలని నాకు గట్టిగా క్లాసు పీకావు. డ్యూటీలో ఉండి ఊ కొట్టి ఊరుకున్నాను. ఆదివారం తీరిగ్గా 2010లో వచ్చిన నీ సినిమా, దానికి మూలమైన 1981 నాటి సినిమా రెండూ చూశాను. డిపో స్టోర్స్‌లో స్పానర్లు లెక్కపెట్టి జుట్టు నెరిసినవాణ్ని కదా, నా కంటికి కథ కనపడదు. ఎవడికి ఏం ఇష్యూ అయింది, ఏది తిరిగొచ్చింది, అదే కనపడుతుంది.

పాత సినిమాలో దేవతల రాజు జియస్ గారు తన ముద్దుల కొడుక్కి ముగ్గురు దేవతల చేత కత్తి, డాలు, మాయం చేసే శిరస్త్రాణం ఇప్పిస్తాడు. ఇండెంటు లేదు, సంతకం లేదు. అబ్బాయిగారు ఆ శిరస్త్రాణాన్ని తీసుకెళ్లి బురదగుంటలో పారేసుకుని వస్తాడు. మా దగ్గర టార్చిలైటు పోతే మెమో, ఆపైన జీతంలో రికవరీ. అక్కడేమో జియస్ మందలించడం మాట అటుంచి, జ్ఞానదేవత ఎథీనాను పిలిచి నీ గుడ్లగూబను వాడికిచ్చెయ్యి అంటాడు. (మనింటి మీద వాలితే శాంతి చేయిస్తాం గానీ, ఆవిడకది ప్రాణం.) ఆవిడ ససేమిరా అని, దేవతల కమ్మరి హెఫెస్టస్ చేత లోహపు గుడ్లగూబను చేయించి పంపుతుంది. ఆ కుటుంబం మొత్తంలో స్టోర్స్ కీపర్ ఉద్యోగానికి పనికొచ్చేది ఆవిడ ఒక్కతే.

గుర్రం సంగతి మరీ అన్యాయం. అసలు గ్రీకు కథలో పెగాసస్ అనే ఆ రెక్కల గుర్రం పుట్టేదే, చూసినవాణ్ని రాయిగా మార్చే మెడూసా తల తెగాక, ఆమె రక్తంలోంచి. దాన్నెక్కి తిరిగినవాడు బెల్లెరోఫోన్ అని ఇంకో వీరుడు. పెర్సియస్ ఎగిరింది రెక్కల చెప్పులతో. రెండు సినిమాల్లోనూ మెడూసా బతికుండగానే పెర్సియస్‌కి గుర్రం తయారు! అంటే ఇంకా పుట్టని బండిని, అదీ వేరేవాడి పేరున ఉన్నదాన్ని, పెద్దాయన కొడుకని అలాట్ చేసేశారన్నమాట.

పాత కథలోని పెర్సియస్ మీద మాత్రం నాకు గౌరవమే. అరువు తెచ్చుకున్న చెప్పులు, సంచి, టోపీ పని కాగానే దేవతల దూత హెర్మిస్‌కి అప్పజెప్పాడు, అవి సొంతదారులైన వనకన్యలకు చేరాయి. మెడూసా తలను ఎథీనాకిచ్చాడు. లెక్క క్లియర్! ఆ రోజుల్లో హెరాక్లీస్ కూడా జియస్ కొడుకే. ఆయనకు చెప్పింది పది పనులు. హైడ్రా అనే చాలా తలల పామును చంపేటప్పుడు తమ్ముడి కొడుకు సాయం పట్టాడని ఒకటి, పశువులశాల కడిగినందుకు కూలి అడిగాడని ఇంకొకటి కొట్టేసి, మళ్లీ రెండు చేయించారు. అలా పన్నెండయ్యాయి. ఈ కాలం సినిమా హీరోలకు అలాంటి ఆడిటర్ తగిలితే ఒక్క పనీ పాసవదు. అదే 2010లో వచ్చిన పెర్సీ జాక్సన్ సినిమా హీరోని చూడు. క్యాంపులో బాగా తన్నులు తిని నీళ్లలో కాలు పెట్టగానే గాయాలు మాయం, అందరి మీదా గెలుపు. తండ్రి సముద్రదేవుడు మరి.

ఇక నీ ఆత్మాభిమానం. నీ హీరో నేను జాలరి పెంచిన కొడుకును, మనిషిగానే పోరాడతానని భీష్మించాడు. బాగానే ఉంది. మెడూసా గుహలోకి దిగినవాళ్లలో బతికి బయటపడింది ఎవరు? ఆయనొక్కడే. మిగతావాళ్లంతా అక్కడే పోయారు, వాళ్లలో సగంమంది పేర్లు నీకు గుర్తుండవు. అంతా అయ్యాక, తను మనసుపడ్డ అయో కూడా కత్తిపోటు తిన్నాక, అప్పుడు తీశాడు నాన్నగారి కత్తి! సొమ్మొకడిది సోకొకడిది అంటారు, ఇక్కడ సోకు ఈయనది, ప్రాణాలు సిపాయిలవి. తండ్రిచ్చింది వదులుకోవడం చూడాలంటే కర్ణుణ్ణి చూడమ్మా. ఆయన్నీ పెర్సియస్‌లాగే పెట్టెలో పెట్టి నీళ్లలో వదిలారు. కవచకుండలాలు కోసి ఇచ్చేశాడు, నష్టం తనే భరించాడు.

ఇంకోటి గమనించావా? పాతాళంలో పడవవాడికి ఇవ్వడానికి జియస్ బంగారు నాణెం ఇస్తే మారుమాట లేకుండా పుచ్చుకున్నాడు. కత్తి చేదు, డబ్బు తీపి! చివర్లో జియస్ అయోను బతికించి పంపాడు. సిపాయిల ఊసెత్తినవాడు లేడు. నాకు నచ్చింది ఆయన వెంట వచ్చిన ఇద్దరు వేటగాళ్లు. పాతాళం గుమ్మం దాకా వచ్చి, ఇక మావల్ల కాదు బాబూ అని ఇంటిదారి పట్టారు.

మీ అమ్మకి మాత్రం నల్లగుర్రం తెగ నచ్చింది.

హాస్టల్ ఫీజు నీ అకౌంట్లో వేశాను. కత్తులవీ ఎటూ నా దగ్గర లేవు, నాణెం మాత్రం మారుమాట లేకుండా పుచ్చుకో. రసీదు ఫొటో తీసి పంపు.

మీ నాన్న