మీటల కన్నా ముందు చూపు

సంపాదకునికి,

ఫొటోగ్రఫీ పాఠాలు కెమెరా మీటలతో మొదలవడం పొరపాటు. ముందు చూపు కుదరాలి. కిటికీ పక్కన కోడిగుడ్డు పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ నాలుగు ఫొటోలు తీయించండి. వెలుగు పక్క నుంచి పడితే గుడ్డు గుండ్రంగా తేలుతుంది. కెమెరా వెనక నుంచి పడితే నీడలు పోయి బిళ్లలా చదునవుతుంది. తెల్లని గుడ్డు ఫ్రేమంతా నిండితే ఆటో ఎక్స్‌పోజర్ (ఎంత వెలుగు కావాలో కెమెరాయే నిర్ణయించుకునే పద్ధతి) దాన్ని బూడిదరంగుకు దించేస్తుంది, ఎక్స్‌పోజర్ కాస్త పెంచుకోవాలి.

తీసిన ఫొటోను తలకిందులుగా చూడమనండి. వస్తువు పేరు మరుగై గీతలు, ఆకారాలు, ఖాళీలే కంటికి ఆనతాయి. ఇంతకన్నా మంచి అభ్యాసం లేదు.

ఫొటోలో మనిషి తలలోంచి స్తంభం మొలిచినట్టు రావడానికి కారణం, తీసేవారి కన్ను ముఖాన్ని వదలకపోవడమే. నొక్కేముందు నాలుగు అంచులూ చూసి, ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు.

ఇట్లు,
ఒక ఫొటోగ్రఫీ శిక్షకుడు