రేడియో ఫీజు కడతాం, సిగ్నల్ ఇప్పించండి మంత్రిగారూ

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారికి నమస్కారం.

ఆకాశవాణి మాకు సరిగా వినపడటం లేదని మా ఊరివాళ్ళం సంతకాలు పెట్టి పంపిన అర్జీకి జవాబు లేదు. గుర్తు చేస్తూ రాసిన ఉత్తరానికీ లేదు. రేడియో కేంద్రానికి మా తమ్ముడే వెళ్ళి అడిగితే అక్కడి ఉద్యోగి మర్యాదగా కూర్చోబెట్టి, "మా చేతుల్లో ఏం లేదండీ, పైనుంచి రావాలి, ఈలోపు ఫోన్‌లో ఆకాశవాణి యాప్ వేసుకోండి" అన్నారట. ఆ పైన ఉన్నది మీరే. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాది కోస్తాలో సముద్రం పక్క ఊరు. ఇంటికొకరైనా వేటకు పోతారు. ఇక్కడ రేడియో అంటే పాటల పెట్టె ఒక్కటే కాదు. గాలి ఎటు తిరుగుతోంది, రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, రేపు వేటకు పోవచ్చా వద్దా అని చెప్పే గొంతు అది. మీడియం వేవ్‌లో, అంటే దూరం పోయే పాతరకం రేడియో తరంగాల మీద, మా కేంద్రం ఒకప్పుడు నడిసముద్రంలో కూడా ఖంగుమని వినపడేది. ఉప్పునీటి మీద మీడియం వేవ్ నేల మీద కన్నా దూరం పోతుందని మా సరంగులకు చదువుకోకుండానే తెలుసు, మీ ఇంజనీర్లకు చదువుకుని తెలుసు.

ఇప్పుడు ఆ స్టేషన్ ఉందో లేదో తెలియదు. పొద్దున కాసేపు వస్తుంది, అదీ గరగరమంటూ. మధ్యాహ్నం ఉండదు. సాయంత్రం వార్తల వేళకు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. సెట్టు పాడైందేమోనని కొత్తది కొన్నాం. సెల్సు మార్చాం. ఏరియల్‌కు తీగ కట్టి తాటిచెట్టు దాకా లాగాం. పక్కింటి వాళ్ళదీ అంతే, ఎదురింటి వాళ్ళదీ అంతే. ఫలానా రోజు నుంచి ట్రాన్స్‌మిటర్ ఆపేస్తున్నామనో, తక్కువ పవర్‌తో నడుపుతున్నామనో, రిపేరులో ఉందనో ఎవరైనా చెప్పారా? మీడియం వేవ్ పాతబడింది, కరెంటు ఖర్చెక్కువ, విడిభాగాలు దొరకవు, దశలవారీగా తీసేస్తున్నాం అంటారు. సరే, తీసేసే ముందు దాన్ని ఎవరు వింటున్నారో ఒక్కసారి వచ్చి చూశారా? మా ఊరికైతే ఎవరూ రాలేదు.

ఇక యాప్ సంగతి. దీని గురించి ఎంత చెప్పినా నా కడుపుమంట చల్లారదు. ఒకప్పుడు రేడియో ఉన్నవాళ్ళు ఏడాదికి 15 రూపాయలు పోస్టాఫీసులో కట్టి లైసెన్స్ పుస్తకంలో స్టాంపు వేయించుకునేవాళ్ళు. మా నాన్న కట్టారు, మా చిన్నాన్న కట్టారు. 1980ల మధ్యలో ఆ ఫీజు తీసేశారు, జనానికి భారం తగ్గిందన్నారు. నిజంగా తగ్గిందా? మీ యాప్‌లో మా స్టేషన్ వినాలంటే ఫోన్‌లో డేటా ఉండాలి. 2024 జూలైలో రేట్లు పెంచాక రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 299 రూపాయలైంది. ఏడాదికి పదమూడు రీఛార్జులు, 3,887 రూపాయలు. ఫోన్ వేరే పనులకూ వాడతాం, కాదనను. కానీ మా అమ్మకు ఫోన్‌తో వేరే పనేమీ లేదు. ఆమెకు కావలసింది పొద్దున భక్తిరంజని, సాయంత్రం పాడిపంటలు, వార్తలు, ఆదివారం నాటకం. అప్పటి 15 రూపాయలు ఇప్పటి లెక్కలో కొన్ని వందలనుకున్నా, ఆ డబ్బు కట్టింది ప్రభుత్వానికి, రేడియో కోసం. ఇప్పుడు ప్రభుత్వ రేడియో వినడానికి ప్రైవేటు ఫోన్ కంపెనీకి కడుతున్నాం. అందులో ఒక్క పైసా కూడా మా కేంద్రంలో పాడే కళాకారుడికి గానీ, నెలకు నాలుగు రోజులు డ్యూటీ దొరికితే చాలని ఎదురుచూసే క్యాజువల్ అనౌన్సర్‌కు గానీ చేరదు. ఇదేం న్యాయమండీ?

పైగా ఆ యాప్ సముద్రం మీద పనిచేయదు. ఒడ్డు దాటి కొంత దూరం పోతే ఫోన్‌లో గీతలు పోతాయి. ఎఫ్ఎం కూడా అంతే, దాని తరంగాలు తిన్నగా పోతాయి, ఊళ్ళో చిన్న టవర్ నుంచి వచ్చేది నడిసముద్రానికి అందదు. 2023 ఏప్రిల్‌లో ప్రధాని గారు ఒకేసారి 91 ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు ప్రారంభించారు. సంతోషించాం. కానీ ఒక్కోటి 100 వాట్లు. ఆ పట్టణం, చుట్టుపక్కల ఊళ్ళు, అక్కడితో సరి. పాత మీడియం వేవ్‌ది కిలోవాట్ల లెక్క. అది చేసిన పని ఇది ఎలా చేస్తుంది? బోట్లకు ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందించే పరికరాలు ఇస్తున్నారు, అదీ మంచి పనే. మా ఊళ్ళో ఫైబర్ తెప్పలన్నిటికీ ఇంకా రాలేదు. వచ్చేదాకా మా మగవాళ్ళు ఏం విని వెనక్కి తిరగాలి?

మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు, 10 వేల మందికి పైగా పోయారు, అందులో మావాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఊళ్ళో రేడియోలు తక్కువ. ఇప్పుడు ఇంటింటికీ ఫోన్ ఉంది కదా అంటారేమో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ అంతటి నగరంలోనే కరెంటు పోయి, సెల్ టవర్లు పడిపోయి, సొంతవాళ్ళు బతికున్నారో లేదో కనుక్కోవడానికి లేకపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు రాత్రి మా ఊళ్ళో ఫోన్లన్నీ మూగబోయాయి. ఆ రాత్రి మా అమ్మ ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని కూర్చుంది. గరగర తప్ప ఏమీ రాలేదు. కరెంటు లేకపోయినా, టవర్ లేకపోయినా, రెండు సెల్సుతో నడిచేది అదొక్కటే. దాన్నే మీరు తీసేస్తున్నారు.

ఇందులో నాకు అస్సలు అర్థం కానిది ఒకటుంది. ఇదే 2023లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఫోన్ల కంపెనీలకు సూచన పంపింది, ఫోన్లలో ఎఫ్ఎం రేడియో తీసేయవద్దు, విపత్తుల్లో అది అవసరం, పేదవాళ్ళకు అవసరం అని. అక్షరాలా మా మాట అది. ఇవాళ ఆ శాఖా మీదే, ప్రసార శాఖా మీదే. మరి కొత్త ఫోన్లలో చాలావాటికి ఎఫ్ఎంకు ఏరియల్‌గా పనిచేసే ఇయర్‌ఫోన్ తీగ పెట్టే రంధ్రమే లేదు, ఎఫ్ఎం లేదు. రెండు శాఖల ఫైళ్ళూ మీ బల్ల మీదికే వస్తున్నప్పుడు ఇంక ఎవరిని అడగమంటారు?

ఆకాశవాణిని నడిపే సంస్థ ప్రసార భారతి. దాని చట్టం 12వ సెక్షన్ చదివాను. సరైన సాంకేతికత ఎంచుకుని ప్రసారాలు అంతటా అందేలా, నాణ్యంగా వినపడేలా చూడటం సంస్థ బాధ్యత అని అందులోనే ఉంది. 2023 జనవరిలో ఆకాశవాణి, దూరదర్శన్‌ల కోసం 2,539 కోట్ల పైచిలుకు పథకం ఆమోదించినప్పుడు ఎఫ్ఎం దేశ జనాభాలో 80 శాతానికి అందుతుందన్నారు. మిగతా 20 శాతంలో మేమున్నామా? ఉంటే ఆ మాట చెప్పండి. ప్రైవేటు ఎఫ్ఎం వాళ్ళకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు. అంటే రేడియోలో వార్త వినాలంటే ఆకాశవాణే దిక్కు. వేరేవాళ్ళని చెప్పనివ్వకుండా, మీరూ వినిపించకుండా ఉంటే ఎలా?

లండన్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు అక్కడి టీవీ లైసెన్స్ గురించి, అంటే బీబీసీ నడవడానికి కట్టే ఫీజు గురించి గొణుగుతుంటాడు. 2025 ఏప్రిల్‌లో దాన్ని ఏడాదికి 174.50 పౌండ్లు చేశారు, మన డబ్బుల్లో సుమారు 20 వేలు. అంత కట్టాలా అని అక్కడ పెద్ద చర్చే నడుస్తోంది, నిజమే, అది పేదవాళ్ళకు మోయలేని భారం. కానీ అక్కడ కట్టినవాడు నిలదీసి అడుగుతున్నాడు, నా డబ్బుకు ఏమిచ్చావు అని. మేం పన్నుల రూపంలో కడుతున్నాం గనుక అడగడానికి రసీదు కూడా లేదు. అందుకే చెబుతున్నాను, మళ్ళీ ఫీజు పెట్టినా నేను కడతాను. రోజుకు రూపాయి అడగండి, ఇస్తాను. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్ళను వదిలేయండి, జీతం వచ్చే నాలాంటి టీచర్ల దగ్గర తీసుకోండి. కానీ ఆ డబ్బు మా కేంద్రానికే పోవాలి, మా యాసలో మాట్లాడేవాళ్ళకు పోవాలి, ట్రాన్స్‌మిటర్ రిపేరుకు పోవాలి. సిగ్నల్ రాని నెలకు మాత్రం కట్టం. కొనే సరుకుకు కట్టమంటే కడతాం, లేని సరుకుకు కట్టమంటే ఎవరు కడతారు?

ఫీజు మాట తర్వాత తేల్చుకుందాం. ముందు తీరం వెంబడి మీడియం వేవ్‌ను ఆపకండి. ఆపేసినచోట మళ్ళీ పెట్టండి. దానికి దీటుగా అందే ఎఫ్ఎం నిలబెట్టి, మా బోట్లలో వినపడుతోందో లేదో మాతోనే పరీక్ష చేయించి, ఆ తర్వాత తీయండి. ఏ ట్రాన్స్‌మిటర్ ఏ వేళల్లో నడుస్తోందో, ఏది ఎన్నాళ్ళు ఆగుతుందో పంచాయతీ ఆఫీసులో కాగితం అంటించండి, పేపర్లో వేయండి. ఫోన్లలో ఎఫ్ఎం ఉంచాలన్నది సూచనగా కాకుండా ఉత్తర్వుగా ఇవ్వండి. మా అర్జీకి జవాబు ఇవ్వండి, అయ్యా, అది ఏ కాగితం మీదైనా సరే. కుదరదు అని రాసినా ఏదో ఒక దారి చూసుకుంటాం, ఏమీ చెప్పకుండా వదిలేస్తేనే కష్టంగా ఉంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, మీ ఇంజనీర్లు వస్తే మా తమ్ముడు వాళ్ళూ దగ్గరుండి చూపిస్తారు. ఆ తర్వాత వర్షాలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. ఆలోపు మా రేడియో మాకు వినపడాలి.

ఇట్లు,
కోస్తా మత్స్యకార గ్రామం నుంచి ఒక ఉపాధ్యాయురాలు