లాకుల దగ్గరికి 108 బండి వచ్చింది

ఒరే సుబ్బూ,

ఎలా ఉన్నావురా? హైదరాబాదులో అప్పుడే వానలు పడుతున్నాయట. ఇక్కడింకా ఉక్కపోతే. కాలవలకి నీళ్ళు వదల్లేదు, జనమంతా ఉపాధి పనుల్లో ఉన్నారు. ఫోన్ చేస్తే ఎప్పుడూ మీటింగంటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. చివర్లో నీకో పని పెట్టాను, సగంలో ఆపేయకు.

మొన్న పొద్దున్నే లాకుల దగ్గర పూడిక తీస్తుంటే 108 బండి వచ్చి ఆగింది. ఎవరో పడిపోయారనుకుని ఆడవాళ్ళు తట్టలు కింద పడేసి ఒకటే పరుగు. తీరా చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. ఈఎంటీ అమ్మాయీ (బండిలో ప్రథమ చికిత్స చేసే ఆవిడ), పైలటూ (ఆ బండి డ్రైవర్ని అలాగే అంటారు) దిగి, "వానాకాలం రాకముందే మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాం, కాసేపు నీడకి రండి" అన్నారు. నాకు బడి సెలవులు కదా, నేనూ వెళ్ళి తుమ్మచెట్టు కింద కూర్చున్నా. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైన దగ్గర్నుంచీ, ఏదైనా జరిగాక వచ్చే బండిగానే మనకది తెలుసు. జరక్కముందే రావడం మాత్రం నేను చూడలేదు.

ముందు పాముల సంగతే ఎత్తుకున్నారు. దివిసీమలో ఇంకేం ఎత్తుకుంటారు! 2018లో వరసపెట్టి పాముకాట్లు పడి, సంగతి మోపిదేవి గుళ్ళో యాగం దాకా వెళ్ళింది, గుర్తుందా? ఆ అమ్మాయి దేవుడి జోలికీ, మంత్రాల జోలికీ పోలేదు. ఓ మామ్మ "మరి మంత్రం వేయించొద్దా?" అని నిలదీస్తే, "వేయించు మామ్మా, బండెక్కాక ఫోన్లో వేయించు" అంది. అంతా గొల్లుమన్నారు. ఆ ఒక్క మాటతో జనం ఆ అమ్మాయి వైపు తిరిగిపోయారు. నేను క్లాసులో ఏడాదంతా మూఢనమ్మకమని అరిచినా అంత పని జరగదు.

అసలు గట్టిగా చెప్పింది తాడు సంగతి. కరిచిన చోటికి పైన బిగించి కట్టేస్తాం కదా మనం, అది కట్టొద్దట. రక్తపింజర కాటుకి కాలు అసలే వాచి కుళ్ళుతుంది, పైన తాడు బిగిస్తే ఆ కాలు తీసేయాల్సి రావచ్చు. కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు పొయ్యడం ఏవీ వద్దు. పట్టీలూ మెట్టెలూ ఉంగరాలూ తీసేసి, విరిగిన కాలికి కట్టినట్టు బద్ద పెట్టి కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా తీసుకెళ్ళాలి. పామును చంపి సంచిలో వేసుకు రానక్కర్లేదని పైలట్ రెండుసార్లు చెప్పాడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకటే మందట. ఆస్పత్రిలో కాస్త రక్తం గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డ కట్టకపోతే పింజర విషం ఎక్కినట్టే.

తర్వాత బొమ్మని పడుకోబెట్టి గుండె మీద నొక్కడం నేర్పించారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. అక్కడ చూడాల్సిందిరా నువ్వు! పక్కన నిలబడ్డ కుర్రాళ్ళు నిమిషానికే ఆయాసపడిపోతే, రోజంతా పలుగు పట్టే ఆడవాళ్ళు లెక్క తప్పకుండా నొక్కేశారు. నీళ్ళలో మునిగినవాణ్ణి తీశాక తలకిందులుగా తిప్పడం, కుండ మీద బోర్లా వేసి పొట్ట నొక్కడం దండగట. ఊపిరాడకపోతే ముందు నోట్లోకి ఊపిరి ఊది, ఆపైన గుండె నొక్కాలి. హంసలదీవిలో మాఘ పౌర్ణమి స్నానాలకి ఎంత జనం వస్తారో తెలుసుగా, ఈ నాలుగు ముక్కలు అక్కడ మైకులో చెప్పించొచ్చు కదా అనిపించింది.

మూర్ఛకి చేతిలో తాళాలు పెట్టొద్దనీ, కాలితే టూత్‌పేస్ట్ రాయొద్దనీ, చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల కరెంటుతో జాగ్రత్తనీ... ఇవన్నీ కూడా చెప్పారు, అవి నీకు తెలిసినవే. కరకట్ట మీద యాక్సిడెంట్ల మాట వచ్చేసరికి మాత్రం అందరూ ఒకటే అడిగారు: "మేం చెయ్యి వేస్తే పోలీసులు మమ్మల్ని తిప్పరా?" తిప్పకూడదట. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని కొత్త సెక్షన్ పెట్టారు. సాయం చేసినవాడి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఒక పెద్దాయన "చట్టం సరే, మన స్టేషన్లో తెలుసా?" అన్నాడు. పైలట్ నవ్వి ఊరుకున్నాడు. ఆ ప్రశ్న నాకూ ఉందిలే.

నాకు బాగా నచ్చింది వాళ్ళు ఎంచుకున్న చోటు. జనవరిలో రోడ్డు భద్రత పేరుతో మా బడికీ వస్తారు, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి వెళ్ళిపోతారు. పాము కరిచేది ఎవర్ని? రేపు నాట్లేసేవాళ్ళని. వాళ్ళంతా ఒక్కచోట దొరికేది ఈ కాలవ గట్టు మీదే, నాట్లకి ముందు ఈ రోజుల్లోనే. పైగా చెప్పేవాళ్ళు చేతుల మీదుగా మనుషుల్ని మోసినవాళ్ళు. అడ్రసు చెప్పడం గురించి ఆ అమ్మాయి చెప్పింది విను: "108కి చేసి 'మా ఊరు, మా ఊరు' అంటూ ఏడుస్తారు. మండలం చెప్పండి, లాకులో, గుడో, రేషన్ షాపో గుర్తు చెప్పండి, ఒకర్ని రోడ్డు మీదకి పంపండి." ఇది పుస్తకం చూసి చెప్పే మాట కాదు.

ఇప్పుడు నీ పని. బాబాయ్ ఇప్పటికీ చేలో మోటారు షెడ్డులో కింద గోనెసంచి పరుచుకునే పడుకుంటున్నాడు. కట్లపాము రాత్రిపూట కింద పడుకున్నవాళ్ళనే కరుస్తుందట. కాటు సరిగ్గా కనిపించదు, నొప్పీ ఉండదు. తెల్లారి కడుపునొప్పి అంటే గ్యాసనుకుంటాం, అప్పటికి రెప్పలు వాలిపోతుంటాయి. ఓ మడత మంచం, దోమతెర పంపించు, తెర అంచులు పరుపు కిందకి దోపుకోమని చెప్పు. గట్ల మీద తిరగడానికి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, మంచి టార్చి కూడా. టీవీఎస్ మీద హెల్మెట్ లేకుండా కరకట్ట ఎక్కడం గురించి నేనింక చెప్పలేను, నువ్వే పోట్లాడు.

ఇవన్నీ నేను రాశానని మాత్రం అనకు. "సైన్సు మేస్టారు మళ్ళీ మొదలెట్టాడు" అని మంచాన్ని గొడ్ల పాకలో పడేస్తాడు. కోడలు కొనిపించిందని చెప్పు, ఆవిడ మాటైతే వింటాడు.

నీ
ప్రసాదు